డేరా టాకీ నుండి ఇంటి సినిమా గది వరకు

కర్నూలు జిల్లా పడమటి భాగమున గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని వంటి పట్టణములలో ఇప్పుడు చాల ఇండ్లలో పెద్ద టెలివిజను తెర ఉన్నది. తెర వచ్చిన తరువాత దానికి తగిన శబ్దము కావలెనను కోరిక కలుగుట సహజము. అంగడికి పోయినచో 5.1 అనియు, 7.1 అనియు, వేలకొలది వాట్లనియు అచ్చువేసిన అట్టపెట్టెలు వరుసగా కనబడును. ఐదు స్పీకర్లకన్న ఏడు మేలనియు, నూరు వాట్లకన్న వేయి వాట్లు మేలనియు కొనువారు తలంతురు. ఇంటికి తెచ్చి మ్రోగించినపుడు పిడుగులును, పోరాటములును దద్దరిల్లును గాని, కథానాయకుడు ఏమి పలికెనో ఇంటిలోని వృద్ధులకు వినబడదు. వారి కొరకు శబ్దమును పెంచినచో పిల్లలు చెవులు మూసికొందురు. సొమ్ము వ్యయమైనది, మాట మాత్రము పోయినది.

ఇది ఎందుచేత జరుగుచున్నదో తెలిసికొనుటకు సినిమా శబ్దముయొక్క చరిత్రను ఒకమారు తిరుగవేయుట మంచిది. నేడు మనము కొను ఐదారు పెట్టెలు ఒక్కనాడు పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరమును తీర్చుటకు, ఒక్కొక్క కాలమున వచ్చి చేరినది. ఆ అవసరముల వరుస తెలిసినవానికి, చేతిలో కొద్దిపాటి సొమ్మున్నపుడు దేనిని ముందు కొనవలెనో, దేనిని ఆపవచ్చునో కూడ తెలియును.

రెండు చెవుల లెక్క

కన్నులు మూసికొని కూర్చున్న మనిషి కుడిప్రక్క ఎవరైన చిటిక వేసినచో వెంటనే ఆ దిక్కును చూపగలడు. దీనికి కారణమును 1907లో ఆంగ్ల భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించెను. కుడిప్రక్కనుండి వచ్చు శబ్దము కుడిచెవికి ముందుగను, ఎడమచెవికి కొంచెము ఆలస్యముగను చేరును. గాలిలో శబ్దవేగము సెకండుకు సుమారు 343 మీటర్లు. తల చుట్టు తిరిగి రావలసిన అధికదూరము ఇరువది సెంటీమీటర్ల పైచిలుకు. కనుక రెండు చెవులకు గల కాలభేదము ఎంత ఎక్కువైనను 0.7 మిల్లీసెకండును మించదు. ఇంత స్వల్పమైన భేదమునుబట్టి మెదడు దిక్కును నిర్ణయించును. కీచుశబ్దముల విషయమున తల అడ్డముగా నిలిచి, ఆవలి చెవికి శబ్దమును తగ్గించును. ఆ తగ్గుదలయు ఒక గుర్తే.

ఈ సంగతిని తరగతి గదిలోనే పరీక్షింపవచ్చును. రెండు మీటర్ల రబ్బరు గొట్టమును తీసికొని, దాని సరిగా నడిమి భాగమున సుద్దతో గుర్తు పెట్టుడు. విద్యార్థి ఒకడు గొట్టము రెండు కొనలను రెండు చెవులకు ఆనించుకొని, గొట్టమును వీపువెనుకకు వ్రేలాడనిచ్చి, కన్నులు మూసికొనవలెను. వెనుక నిలిచినవారు గుర్తుకు ఒకప్రక్కగా రెండు సెంటీమీటర్ల దూరమున పెన్సిలుతో మెల్లగా తట్టినచో, ఆ ప్రక్క ఏదో అతడు సామాన్యముగా చెప్పగలడు. ఇచ్చట మార్గములలో భేదము నాలుగు సెంటీమీటర్లు, కాలభేదము 0.12 మిల్లీసెకండు మాత్రమే. శబ్దపు పెట్టెల చరిత్ర యంతయు ఈ చిన్న కాలభేదముపై నడచినదే.

తెర ప్రక్కన గొట్టము

సినిమాకు పూర్వము మన ప్రజలకు నాటకమే వినోదము. బళ్ళారి రాఘవ వంటి నటులు మైకులు లేని దినములలో రంగస్థలముపై నిలిచి పలికినపుడు, కన్ను చూచిన చోటినుండియే చెవికి మాట వచ్చెడిది. కంటికి చెవికి పొత్తు కుదిరియుండెను. చలనచిత్రము ఈ పొత్తును విడదీసినది. బొమ్మ ఒకచోట, శబ్దము మరియొకచోట అయినవి. దానిని తిరిగి కుదుర్చుటకే ఆ తరువాతి ప్రయత్నములన్నియు జరిగినవి.

మచిలీపట్నమునకు చెందిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫోటోగ్రాఫరుగా నుండెను. ఆయన 1910లో క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి ప్రదర్శనలు ఇచ్చెను. బొమ్మలు ఫిలిముపై, పాటలు గ్రామఫోను పలకపై ఉండెడివి. రెండింటిని ఒకేమారు నడపి, ఒత్తిడి గాలి సాయముతో శబ్దమును పెంచెడివారు. ఈ యంత్రముతో ఆయన దక్షిణదేశమందలి ఊళ్ళు తిరిగెను. తెలుగువారు బొమ్మతోపాటు శబ్దమును వినుట టాకీలకన్న ఇరువది యేండ్లు ముందే ఆరంభమైనదని చెప్పవచ్చును.

1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు కాగితపు శంకువును తీగచుట్టతో కదలించు లౌడ్ స్పీకరును వివరించిరి. నేటికిని మన యిండ్లలోని స్పీకర్లలో అధికభాగము ఆ సూత్రముపైననే పనిచేయుచున్నవి. ఆ పిమ్మట టాకీలు వచ్చినవి. 1931లో హిందీ 'ఆలంఆరా', అదే సంవత్సరమున తమిళ తెలుగు సంభాషణలు గల 'కాళిదాస్', 1932లో పూర్తి తెలుగు చిత్రమగు 'భక్త ప్రహ్లాద' వెలువడినవి. ఈ రెండు చిత్రములకును దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి.

ఆనాటి శబ్దమునకు ఒకే మార్గము. సినిమాహాలులో తెర వెనుక లౌడ్ స్పీకరు నుంచి, తెరకు సన్నని రంధ్రములు పొడిచెడివారు. ఊరూర డేరా వేసిన టూరింగ్ టాకీసులలో సయితము తెరవైపునుండియే మాట వచ్చెడిది. ఒక్క మార్గమే అయినను కథ అర్థమగుటకు లోటు రాలేదు. పద్యమును, సంభాషణను ప్రాణముగా భావించు తెలుగు ప్రేక్షకుడు దశాబ్దములపాటు ఈ ఒక్క మార్గముతోనే చిత్రములను తనివితీర చూచెను. చరిత్ర చెప్పు మొదటి పాఠమిది: మాట తెరవద్దనుండి, స్పష్టముగా రావలెను. తక్కినవన్నియు దాని తరువాతివే.

ఒకటి, రెండు, మూడు

శబ్దమునకు విశాలత కల్పింపవచ్చునని 1881లోనే తెలియవచ్చినది. ఆ సంవత్సరము పారిసులో జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాఁ అడేర్ అను ఇంజనీరు సంగీత నాటకశాల వేదికపై టెలిఫోను గ్రాహకములను రెండు వైపుల నుంచి, దూరమందలి గదిలో శ్రోతలకు చెవికొక్కటి చొప్పున రెండు వినికిడి గొట్టములను ఇచ్చెను. గాయకుడు వేదికపై ఎటు నడచినది శ్రోతలకు తెలిసినది. అయితే అది ఒక వింతగా మాత్రమే నిలిచిపోయెను.

1931 డిసెంబరులో ఆంగ్ల ఇంజనీరు అలన్ బ్లూమ్లీన్ రెండు మార్గముల శబ్దమునకు పేటెంటు కోరెను. తెరపై నటుడు నడచినపుడు మాటయు అతనితో నడువవలెననుట ఆయన కోరికలలో నొకటి. రెండు స్పీకర్లలో ఒకే శబ్దము సమానముగా వచ్చినచో, నడుమ ఏమియు లేకున్నను శబ్దము నడిమినుండియే వచ్చినట్లు తోచును. దీనిని ఊహాకేంద్రము అనవచ్చును. కాని దీనికి ఒక బలహీనత కలదు. శ్రోత సరిగా మధ్యలో కూర్చుండవలెను. ఒకప్రక్కకు జరిగినచో, దగ్గరి స్పీకరు శబ్దము ముందుగా చేరి, మాట అటువైపునకు పోవును.

1933 ఏప్రిల్ 27వ తేదీన అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు ఈ చిక్కునకు సమాధానము చూపిరి. ఫిలడెల్ఫియాలో వాద్యబృందము వాయించుచుండగా, సుమారు రెండువందల కిలోమీటర్ల దూరమున వాషింగ్టనులో ఖాళీ వేదికపై మూడు చోట్ల నుంచిన స్పీకర్లలో ఆ సంగీతము వినిపించినది. ప్రసిద్ధ సంగీత నిర్దేశకుడు లియోపాల్డ్ స్తొకోవ్స్కీ వాషింగ్టనులో కూర్చుండి శబ్దపు హెచ్చుతగ్గులను సరిచేసెను. ఎడమ, కుడిలతోపాటు మధ్యమార్గము కూడ నున్నందున, ప్రక్కల కూర్చున్నవారికి సయితము నడిమి శబ్దము నడుమనే నిలిచినది. ఇంటి గదిలో ఒక్కరే కూర్చుండి చూచువారికి రెండు స్పీకర్లు చాలవచ్చును. కుటుంబమంతయు చాపపై వరుసగా కూర్చున్నచో మధ్యస్పీకరు అవసరము. ఇది రెండవ పాఠము.

వెనుకనుండి వచ్చిన శబ్దము

ప్రేక్షకుని చుట్టును శబ్దము నింపు ప్రయత్నము 1940లో వాల్ట్ డిస్నీ 'ఫాంటాసియా' చిత్రముతో వచ్చినది. దానికి కావలసిన పరికరములు చాల భారమైనవి, ఖరీదైనవి. అందుచేత కొద్ది హాళ్ళలోనే అమర్చిరి. టెలివిజను వలన ప్రేక్షకులు తగ్గుచుండగా, హాలివుడ్ వారు 1953లో సినిమాస్కోపును తెచ్చిరి. 'ది రోబ్' చిత్రమున తెరవెనుక మూడు మార్గములు, ప్రేక్షకుల చుట్టు ఒక మార్గము ఉండెను. ఆ నాలుగవ మార్గమునకు మిగిలిన సన్నని అయస్కాంతపు పూత వలన బుస్సుమను రొద వచ్చెడిది. కనుక అవసరము లేనపుడు ఆ స్పీకర్లను ఆపివేయుటకును, అవసరమైనపుడు తెరచుటకును 12,000 హెర్ట్జుల సంకేతమును దానిలోనే చేర్చిరి. చుట్టుశబ్దము చాలసేపు మౌనముగా నుండి, సమయము వచ్చినపుడు మాత్రము పలుకవలసినదని దీనివలన తెలియుచున్నది. అంతగా పనిలేని స్పీకర్లపై ముందుగా సొమ్ము పోయుట తెలివి గాదు.

తెలుగు తెర వెడల్పు అయినది 1974లో, 'అల్లూరి సీతారామరాజు' సినిమాస్కోపుతో. 1986లో కృష్ణ దర్శకత్వమున వచ్చిన 'సింహాసనం' తెలుగున తొలి 70 మి.మీ. చిత్రము. దానికి ఆరు మార్గముల స్టీరియో శబ్దము. అందుకు తగిన యంత్రములు గల హాళ్ళు కొన్నియే. తక్కిన ఊళ్ళవారు అదే కథను 35 మి.మీ. ప్రతులలో చూచిరి.

ఈ ఖరీదును తగ్గించిన ఘనత రే డాల్బీకి చెందును. ఆయన 1963 నుండి 1965 వరకు యునెస్కో సలహాదారుగా మన దేశమున పనిచేసి, 1965లో లండనులో తన ప్రయోగశాలను నెలకొల్పెను. మొదట టేపులలోని రొదను తగ్గించుట ఆయన పని. 1970 దశకము నడుమ ఆయన సంస్థవారు ఫిలిముపై రెండు కాంతిరేఖలలోనే నాలుగు మార్గములను ఇమిడ్చిరి. 1977లో 'స్టార్ వార్స్' చిత్రము ఈ పద్ధతిని లోకమునకు చాటినది.

ఇచ్చట జర్మను శాస్త్రజ్ఞుడు హెల్ముట్ హాస్ 1949లో వ్రాసిన పరిశోధన చాల ఉపకరించినది. ఒకే శబ్దము రెండు చోట్లనుండి కొన్ని మిల్లీసెకండ్ల తేడాతో వచ్చినచో, మనకు రెండు శబ్దములు వినబడవు. ముందు వచ్చినదాని దిక్కునే మెదడు నమ్మును. వెనుక వచ్చినది కొంత గట్టిదైనను దిక్కు మారదు. అందుచేత చుట్టుశబ్దమును సుమారు 20 మిల్లీసెకండ్లు ఆలస్యముగా పంపిరి. తెరనుండి వచ్చు మాట వెనుక గోడలోనికి జారిపోవు ప్రమాదము తప్పినది.

ఇంటిలోనికి రాక

1982లో డాల్బీ చుట్టుశబ్దము వీడియో క్యాసెట్లద్వారా ఇండ్లలోనికి వచ్చినది. ఆ తొలి పద్ధతిలో మధ్యస్పీకరు లేదు. 1987లో ప్రోలాజిక్ అను పద్ధతి వచ్చి మధ్యమార్గమును చేర్చినది. ఇంటిలో సయితము మాట స్థిరముగా తెరకు అంటుకొనవలెనన్నదే దీనికి కారణము. 1992లో 'బ్యాట్‌మాన్ రిటర్న్స్' చిత్రముతో అంకెల రూపమగు డాల్బీ డిజిటల్, మరుసటి సంవత్సరము 'జురాసిక్ పార్క్' చిత్రముతో డి.టి.ఎస్. పద్ధతి వెలువడినవి. 1996లో జపానులో డి.వి.డి. పలకలు అమ్మకమునకు వచ్చిన తరువాత ఈ శబ్దము ఇంటిదయ్యెను. 2012లో తలపైనుండి కూడ శబ్దము తెచ్చు డాల్బీ అట్మాస్ వచ్చినది.

5.1 అను అంకెకు అర్థమేమి? ఎడమ, మధ్య, కుడి, ఎడమ ప్రక్క, కుడి ప్రక్క అను ఐదు పూర్తి మార్గములు. చుక్క తరువాతి ఒకటి గంభీర శబ్దములకు మాత్రమే ఉద్దేశింపబడిన మార్గము. 120 హెర్ట్జులకు పైబడిన శబ్దము అందులో నుండదు. దీనికి సబ్ వూఫరు అను పెద్ద పెట్టె ఏల? ఒకే గట్టిదనముతో స్వరమును సగము పౌనఃపున్యమునకు దింపినచో శంకువు నాలుగురెట్లు కదలవలెను. చిన్న స్పీకరు అంత గాలిని త్రోయజాలదు. అయితే ఒక మేలు కలదు. 40 హెర్ట్జుల శబ్దతరంగము పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అది మన గదికన్న పెద్దది. గదిలో దాని దిక్కును చెవి గుర్తింపజాలదు. కనుక సబ్ వూఫరు ఒక్కటి చాలును. దానిని అనుకూలమైన మూల నుంచవచ్చును.

గది చేయు పని

ఇంతవరకు పెట్టెల కథ. పెట్టెలకన్న ముందు చూడవలసినది గది. ఆదోని దుర్గము 17వ శతాబ్దిలో బిజాపురపు ఆదిల్ షాహీల పాలనలో నుండెను. ఆ బిజాపురమునందలి గోల్ గుంబజులో ఒక్క మాట పలికినచో పలుమారులు ప్రతిధ్వనించును. సి.వి. రామన్ 1920 దశకారంభమున ఆ కట్టడపు గుసగుసల వసారాను పరిశీలించెను. చూడవచ్చినవారికి అది ముచ్చట. కాని అట్టి మందిరములో నాటకమాడినచో ఒక్క పంక్తియు అర్థము గాదు.

గదిలో శబ్దము నిలుచు కాలమును లెక్కకట్టిన మొదటివాడు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ సబైన్. 1895లో అచ్చటి ఉపన్యాసశాలలో మాట ఐదు సెకండ్లకు పైగా నిలిచి, వినువారిని బాధించుచుండెను. ఆయన రాత్రులందు ప్రక్క నాటకశాలనుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలకు ఎంత ధ్వని తగ్గునో కొలిచెను. దానినుండి వచ్చిన సూత్రము సులభమైనది. గది ఘనపరిమాణమును ఘనమీటర్లలో 0.161 చే హెచ్చించి, శబ్దమును పీల్చు మొత్తముచే భాగించినచో, ధ్వని నిలుచు కాలము సెకండ్లలో వచ్చును.

మన ఇంటి గదికి ఈ లెక్క వేసి చూతము. పదునైదడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గది పరిమాణము సుమారు 51 ఘనమీటర్లు, లోపలి తలముల వైశాల్యము సుమారు 84 చదరపు మీటర్లు. క్రింద నాపరాతి బండలు, పైన సిమెంటు కప్పు, చుట్టు గిలాబా గోడలు. ఇట్టి తలములు శబ్దములో నూటికి మూడు వంతులకన్న ఎక్కువ పీల్చవనుకొందము. పీల్చు మొత్తము 2.5. ధ్వని నిలుచు కాలము మూడు సెకండ్లకు పైగా వచ్చును. ఒక మాట ఇంకను మ్రోగుచుండగనే పదిమాటలు దానిపై పడును. వేయి వాట్ల యంత్రము తెచ్చినను ఈ గదిలో మాట తేరదు. గందరగోళము మాత్రము పెరుగును.

ఇప్పుడు వెనుక గోడకు, ప్రక్క గోడలకు దళసరి తెరలు వ్రేలాడదీసి, నేలపై దూది బొంతలు పరచి, పదునైదు చదరపు మీటర్లను కప్పుదము. అవి సగము శబ్దమును పీల్చునని తీసికొన్నచో 7.5 చేరును. నలుగురు మనుష్యులు కూర్చున్నచో మరి 1.6 చేరును. మొత్తము 11.6. ధ్వని నిలుచు కాలము 0.7 సెకండునకు దిగును. మాట తేటపడును. ఆదోని ప్రత్తి బజారు. ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘము 1938లో ఏర్పడినది. గూడూరు ప్రాంతమున మగ్గము ఎరుగని వీధి అరుదు. దూదికి, దళసరి బట్టకు ఈ సీమవారు దూరము పోనక్కరలేదు. తెరను గోడకు జానెడు దూరముగా, ముడుతలు పడునట్లు కట్టినచో ఇంకను బాగుగా పీల్చును. పలుచని బట్ట గంభీర శబ్దములను పీల్చజాలదు. కొందరు గోడలకు అతికించు కోడిగ్రుడ్ల అట్టలు ప్రయోజనము లేనివి, నిప్పంటుకొను ప్రమాదము గలవి. ఇంకొక మాట: పీల్చు బట్ట గదిలోని ధ్వనిని తేటపరచును గాని, పొరుగింటికి పోవు శబ్దమును ఆపదు.

వాట్ల మాయ

స్పీకరుకు ఒక వాటు శక్తి నిచ్చి, ఒక మీటరు దూరమున కొలిచిన గట్టిదనమును దాని సూక్ష్మత యందురు. ఇది సామాన్యముగా 84 నుండి 90 డెసిబెళ్ళ వరకు ఉండును. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ళ దరిదాపున నుండును. అనగా ఇంటి గదిలో చాల సేపు ఒక వాటుకూడ ఖర్చు కాదు. శక్తిని రెట్టింపు చేసినచో పెరుగునది 3 డెసిబెళ్ళు మాత్రమే. నూరు వాట్లను వేయి వాట్లు చేసినను 10 డెసిబెళ్ళే పెరుగును. చెవికి అది సుమారు రెట్టింపు గట్టిగా తోచును. 84 డెసిబెళ్ళ స్పీకరుకు బదులు 90 డెసిబెళ్ళది కొన్నచో, నాలుగవ వంతు శక్తితోనే అంత శబ్దము వచ్చును. కనుక వాట్లకన్న సూక్ష్మతను ముందు అడుగవలెను. అట్టపెట్టెపై పి.ఎం.పి.ఓ. అని వ్రాసిన వాట్లకు అందరు ఒప్పుకొన్న కొలత లేదు, వానిని లెక్కింపరాదు. ఆర్.ఎం.ఎస్. అని యిచ్చిన సంఖ్యను మాత్రమే పోల్చి చూడవలెను.

ఎన్నుకొను వరుస

చరిత్రయు, లెక్కయు కలిపి చూచినచో కొద్ది సొమ్ము గల గృహస్థునకు ఈ వరుస తేలుచున్నది.

మొదట గది. బొంతలు, తెరలు, ఒక గోడకు పుస్తకముల బీరువా. దీనికి అయ్యెడి ఖర్చు ఏ స్పీకరుకన్నను తక్కువ; ఫలితము ఎక్కువ.

రెండవది, ముందటి స్పీకర్లు. ఐదు చౌక పెట్టెల కట్ట కొనుటకన్న అదే సొమ్ముతో మంచివి రెండు కొనుట మేలు. కూర్చుండు చోటు తెరకు రెండున్నర మీటర్ల దూరమున నున్నచో, ఆ రెండింటి నడుమను అంతే దూరము, అనగా సమబాహు త్రిభుజము ఏర్పడవలెను. స్పీకర్లు చెవి ఎత్తున నుండవలెను. ఆంప్లిఫయరు మాత్రము మొదటనే ఐదు మార్గములు గలది తీసికొన్నచో మరల కొనవలసిన పని యుండదు.

మూడవది, కుటుంబము పెద్దదైనచో మధ్యస్పీకరు. అది ముందటి రెండింటితో ఒకే రకమైన స్వరము కలదై, తెరకు దిగువనో ఎగువనో ఆనుకొని యుండవలెను. చిత్రములలో సంభాషణ అధికభాగము దీనినుండియే వచ్చును గనుక, చౌకరకము పెట్టి ఇచ్చట మిగుల్చుకొనరాదు.

నాలుగవది సబ్ వూఫరు. అయిదవది ప్రక్క స్పీకర్లు. ఇవి చిన్నవైనను చాలును. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము తెర నడిమినుండి కొలిచినచో ఇవి 110 డిగ్రీల కోణమున, అనగా శ్రోతకు ప్రక్కగా కొంచెము వెనుకకు ఉండవలెను. చెవికి ఒక మీటరు దగ్గరగా నున్న ప్రక్క స్పీకరు శబ్దము, రెండున్నర మీటర్ల దూరపు ముందటి స్పీకరు శబ్దముకన్న నాలుగు మిల్లీసెకండ్లు ముందుగా చేరును. హాస్ చెప్పినట్లు చెవి దానినే నమ్మును. అందుచేతనే ఆంప్లిఫయరు ఒక్కొక్క స్పీకరు దూరమును అడుగును. టేపుతో కొలిచి సరియైన అంకెలు ఇచ్చుటకు ఖర్చేమియు లేదు. చాలమంది ఈ పని చేయక వదలివేయుదురు. తలపై స్పీకర్లు అన్నిటికన్న చివరివి.

కొనుటకు ముందు అంగడిలో యుద్ధపు ఘట్టము వినిపింపుమని అడుగరాదు. పరిచయము లేని చిత్రమున ఇద్దరు మెల్లగా మాటలాడు ఘట్టమును తక్కువ శబ్దముతో వినవలెను. ప్రతి మాటయు తెలిసినచో ఆ స్పీకరు మంచిది. తక్కువ శబ్దములో మాట తేటగా నున్నచో ఎవ్వరును యంత్రమును పెంచరు; పిల్లల చెవులకును అది క్షేమము. 85 డెసిబెళ్ళ శబ్దము దినమునకు ఎనిమిది గంటలు దాటినచో వినికిడి చెడుననియు, ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ వ్యవధి సగము చేయవలెననియు శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. పోయిన వినికిడిని ఏ పెట్టెయు తిరిగి తేజాలదు.

ఉపాధ్యాయులు రబ్బరు గొట్టపు పరీక్షను, సబైను లెక్కను తరగతిలో చేయించినచో, విద్యార్థులు తమ ఇంటి గదిని తామే కొలిచి చెప్పగలరు. ఇంటికి ఏ పెట్టె రావలెనో నిర్ణయించునపుడు అట్టపై అచ్చువేసిన అంకెలకన్న ఆ పిల్లవాని నోటుపుస్తకములోని లెక్క ఎక్కువ ఉపకరించును.